ఆడపడుచు కూర్చుంది, కుర్రవాళ్ళు వండారు

ఆదివారం తెల్లవారుజామున మా ఇంటి వెనక కంచె మీదుగా పొగ వస్తుంది. దక్షిణ ఆక్లండ్‌లో ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అగ్నిమాపక దళానికి ఫోను చేద్దామా అనుకున్నాను. ఇప్పుడు ఆ పొగ కనిపించకపోతే పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరని లెక్క. వాళ్ళు సమోవావాళ్ళు. ఆ పొగ ఉముది, అంటే వాళ్ళ రాళ్ళ పొయ్యిది. గొయ్యి తవ్వరు. నేలమీదే కట్టెలు పేర్చి, పైన రాళ్ళు వేసి కాలుస్తారు. రాళ్ళు కణకణలాడాక వాటి మధ్య చేమదుంపలు, పంది మాంసం, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు పెట్టి, పైన అరిటాకులు కప్పేస్తారు. అరిటాకులు దొరకని చలికాలంలో తడిపిన గోనెసంచులైనా సరే. చర్చికి వెళ్ళి వచ్చేసరికి అంతా మగ్గి ఉంటుంది.

పోయిన సంవత్సరం మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మూడు నెలలు ఉంది. ఆమెకు నాలుగింటికే మెలకువ వస్తుంది. వచ్చిన మొదటి ఆదివారమే వంటింటి కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"అమ్మడూ, ఒకసారి ఇలా రా. మగపిల్లలు కొబ్బరి కోరుతున్నారే!"

నలుగురు కుర్రవాళ్ళు. ఒకడు కోరుపీట మీద గుర్రమెక్కినట్టు కూర్చుని చిప్పను తిప్పుతున్నాడు. ఇంకొకడు ఆ కోరును పీచులో చుట్టి, మోచేతులు వణికేలా పిండుతున్నాడు. పాలు చిక్కగా గిన్నెలోకి జారుతున్నాయి. మిగతా ఇద్దరూ దుంపల తొక్కు గీకుతున్నారు. ఇంతలో లోపలినుంచి ఒక పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇంటి యజమానికి అక్క. ఏ పనీ ముట్టుకోలేదు. ఒక కుర్రవాడు ఒళ్ళు వంచి ఆమె ముందు టీ కప్పు పెట్టి, వంగినవాడు వంగినట్టే వెనక్కి వెళ్ళాడు.

వీళ్ళందరినీ అదిలిస్తూ ఇంకొక మనిషి అటూ ఇటూ తిరుగుతున్నారు. నడుముకు చుట్టుకున్న పూల గుడ్డ, అంటే లావాలావా, చెవి వెనక తెల్ల పువ్వు, వెడల్పాటి భుజాలు, బొంగురు గొంతు. రాళ్ళు ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు, ఒకడి నెత్తిన మొట్టికాయ వేస్తున్నారు, పెద్దావిడ భుజం మీద శాలువా సర్దుతున్నారు.

"ఎవరే ఆ..." అని అమ్మ ఆగిపోయింది. కాసేపు చూసి, "చూడు, పాపం ఒక్కడే... ఒక్కతే..." అని మళ్ళీ ఆగింది. అరవై ఎనిమిదేళ్ళుగా తడబడకుండా తెలుగు మాట్లాడుతున్న మనిషికి క్రియాపదం దొరకలేదు.

ఆ ఉదయం తీసిన ఫోటో ఒకటి మా బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టడం నా బుద్ధితక్కువ. గంటలోపే రెండు రకాల జ్ఞానం వచ్చి పడింది. మొదటిది మా బాబాయి పంపినది: సమోవాలో ఆడపిల్లలు లేని ఇంట్లో ఒక మగపిల్లవాణ్ణి ఎంచుకుని ఆడపిల్లగా పెంచుతారట, ఇంటిపనికి, వంటపనికి. రెండోది హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు పంపినది: సమోవాలో మూడో లింగాన్ని వేల ఏళ్ళుగా నెత్తిన పెట్టుకుంటున్నారు, అక్కడ వివక్ష అనేదే లేదు, మనమే వెనకబడి ఉన్నాం.

రెండూ తప్పేనన్నది నా వాదన. బాబాయిది పచ్చి తప్పు. మేనకోడలిది మంచి మనసుతో చేసిన తప్పు. అందుకే దానితోనే ఎక్కువ చిక్కు.

బాబాయి సంగతి ముందు తేల్చేస్తాను. వంటపనికి ఆడపిల్ల కావాలని అబ్బాయిని మార్చారట! ఉము దగ్గర వంట మగపిల్లల పని అయిన చోట! తోటలో చేమ నాటడం, దుంపలు మోయడం, రాళ్ళు కాల్చడం, కొబ్బరి పిండడం, పెద్దలకు వడ్డించడం, ఇవన్నీ సమోవా ఊళ్ళో పెళ్ళికాని, పట్టం (కుటుంబ పెద్దగా వచ్చే బిరుదు) రాని మగవాళ్ళ పనులు. ఆ గుంపుకు ఔమాంగా అని పేరు. "ఊరి బలం" అని పొగడ్త. బలం అంటే చాకిరీ అని చదువుకోవాలి. ఆడపిల్లల కొరత తీర్చడానికి అబ్బాయికి గౌను తొడుగుతారన్న కథను పర్యాటకులు మోసుకొచ్చారు, టీవీ కార్యక్రమాలు సాగదీశాయి. పక్కింటివారిని, అదే ఆ చెవి వెనక పువ్వు పెట్టుకున్న మనిషిని, అడిగితే కడుపుబ్బ నవ్వారు. "మా అమ్మకు నలుగురు కూతుళ్ళు. నా అవసరం ఎవరికి ఉంది? నన్ను ఎవరూ ఎంచుకోలేదు, నేనే ఇలా ఉన్నాను" అన్నారు.

మేనకోడలికి జవాబు ఇంత తేలిక కాదు. ఆ జవాబు ఫఅఫఫీనె (మగబిడ్డగా పుట్టి ఆడతీరున మసలే ఇలాంటివారికి అక్కడి పేరు) దగ్గర మొదలుకాదు. ఆ కుర్చీలో కూర్చున్న అక్క దగ్గర మొదలవుతుంది.

సమోవా భాషలో తోబుట్టువుల మాటలు మనవాటికి అడ్డంగా ఉంటాయి. మనకు పెద్దా చిన్నా తేడా ముఖ్యం: అన్న వేరు, తమ్ముడు వేరు. వాళ్ళకు అది ముఖ్యం కాదు. అన్నదమ్ములు ఒకరికొకరు ఊసో. అక్కచెల్లెళ్ళు కూడా ఒకరికొకరు ఊసోలే. కానీ మగవాడికి అక్కైనా చెల్లెలైనా తువాఫఫీనె, ఆడమనిషికి అన్నైనా తమ్ముడైనా తువాంగానె. ఆడా మగా తేడా భాషలో పదును తేలేది భార్యాభర్తల మధ్య కాదు, తోబుట్టువుల మధ్య. ఆ బంధానికి ఫెయాంగైంగా అని పేరు. ఒడంబడిక అనుకోవచ్చు. అక్కచెల్లెళ్ళ ముందు సోదరుడు బూతుమాట ఆడకూడదు, వాళ్ళ పడక దగ్గరికి పోకూడదు, వాళ్ళకు లోటు రానివ్వకూడదు. బదులుగా సోదరి దగ్గర దీవెన ఉంటుంది, శాపమూ ఉంటుంది. పట్టం ఎవరికి దక్కాలన్న చర్చలో సోదరి సంతతి మాటకు విలువ ఉంటుంది. వాళ్ళ సామెత ఒకటి: అన్నకు చెల్లెలు కంటి నల్లగుడ్డు.

అమ్మకు ఇది అనువదించి చెబితే, "కంటిపాప అని చెప్పవచ్చు కదా, నల్లగుడ్డేమిటి?" అని మందలించింది. తర్వాత తనే అంది, "మనకూ అంతేగా. ఆడపడుచు ఉసురు పోసుకుంటే ఇల్లు నిలవదంటారు."

నిజమే. ఉసురు దాకా ఒకే మాట. పెళ్ళిలో ఆడపడుచు లాంఛనాలు, గృహప్రవేశంలో ఆడపడుచు ముందు నడవడం, "ఆడబిడ్డ అర్ధమొగుడు" అని కోడళ్ళు పళ్ళు నూరడం, ఇవేవీ సమోవా మనిషికి విడమరిచి చెప్పనక్కరలేదు. కంచె అవతలివాళ్ళకు ఒక్క వాక్యంలో అర్థమయ్యాయి.

సోదరి ఇంత గొప్పదైతే భార్య సంగతి ఏమిటి? ఊరి ఆడబిడ్డలను గౌరవంగా తమాయితాయి అంటారు. బయటినుంచి కోడలిగా వచ్చిన మనిషి నోఫోతానె, అంటే మగని దగ్గర ఉంటున్నది. ఆ ఊళ్ళో ఆమెకు సొంత పరపతి ఉండదు. భర్త పరపతే ఆమెది. పెద్దల భార్యలకు మర్యాదపేరు ఒకటి ఉంది, ఫాలెతువా. విడదీస్తే వెనకిల్లు. ముందింట్లో సభ, వెనకింట్లో పొయ్యి. పుట్టింట్లో మహారాణి, అత్తింట్లో వెనకిల్లు. మనిషి అదే, ఊరు మారింది.

ఇది నేను కళ్ళారా చూశాను. ఇంటి యజమాని అక్కగారి పేరు రాయను. మే నెలలో తమ్ముడి కొడుకు పెళ్ళికి ఆమె నడుచుకుంటూ వస్తుంటే అందరూ పక్కకు జరిగారు. నెలల తరబడి నేసే సన్నటి చాపను, ఇయె తోంగా అంటారు, పట్టులా మెరుస్తుంది, ఇద్దరు అమ్మాయిలు విప్పి పట్టుకుని ఆమె ముందు నడిచారు. జులైలో ఆమె భర్త తరపున ఎవరో పోయారు. నేనూ వెళ్ళాను. అదే మనిషి, అదే నల్ల గౌను, హాలు వెనక సింకు దగ్గర మూడు వందల ప్లేట్లు కడుగుతోంది. మోచేతి దాకా సబ్బు నురగ. నన్ను చూసి నవ్వి తువాలు చేతికిచ్చింది. తుడవమని.

నేను తుడిచాను. తుడుస్తున్నంతసేపూ మా అన్నయ్య గృహప్రవేశం గుర్తొస్తూనే ఉంది. నేను ఆక్లండ్ నుంచి వెళ్ళాను, పట్టుచీర పెట్టారు, కుర్చీ వేశారు, తాంబూలం చేతికిచ్చారు. వదిన ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి లేచింది. మధ్యాహ్నం మూడింటికి కూడా ఆమె కూర్చుని తిన్నట్టు నాకు గుర్తులేదు. అప్పుడు నేను గమనించలేదని చెప్పను. గమనించాను. కుర్చీ సౌకర్యంగా ఉంది.

అందుకే "సమోవాలో స్త్రీకి ఎంత గౌరవమో" అనే వ్యాసాలు కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ స్త్రీకి? ఎవరి అక్కకు? ఎవరి కోడలికి? సమోవా ఒంబుడ్స్‌మన్ కార్యాలయం 2018లో జాతీయ స్థాయి విచారణ జరిపి వెలువరించిన నివేదిక ఇంటి హింస అక్కడ ఎంత లోతుకు పాతుకుపోయిందో చెప్పింది. తువాఫఫీనె కంట నీరు రానివ్వకూడదన్నవాడే ఇంకొకరి తువాఫఫీనె మీద చేయి చేసుకుంటున్నాడు. ఆచారం మొదటిదానికి కాపలా కాస్తుంది, రెండోదానికి కాయదు.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ కాలం వెంటాడింది. 1830లో లండన్ మిషనరీ జాన్ విలియమ్స్ సవాయీ దీవిలోని సపపాలీయి ఊళ్ళో దిగాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో దీవులన్నీ క్రైస్తవం పుచ్చుకున్నాయి. ఊరికో పాస్టరు వచ్చాడు. ఆయనను ఊరు ఏ బంధంలో కలుపుకోవాలి? సోదరి స్థానంలో కూర్చోబెట్టారు. ఇప్పటికీ సమోవా ఊళ్ళలో పాస్టరును ఫఅఫెయాంగైంగా అంటారు. మంచి ముక్క ఆయనకు, మంచి ఇల్లు ఆయనకు, ఆయన దీవెనకు భయభక్తులు. అక్కచెల్లెళ్ళ కోసం పుట్టిన మాటను ప్రేమగా, ఎవరూ కుట్ర చేయకుండానే, ఒక మగవాడికి ఇచ్చేశారు. ఈ ఒక్క సంగతి మిషనరీల మీద రాసిన పెద్ద పెద్ద విమర్శల కంటే నాకు ఎక్కువ చెప్పింది.

ఆడా మగా పనుల పంపకం ఎంత గట్టిదో అంత కాకతాళీయం అని వాళ్ళ పురాణమే ఒప్పుకుంటుంది. తయేమా, తిలాఫయింగా అని అతుక్కుపుట్టిన కవలలు. ఫిజీ నుంచి పచ్చబొట్టు పనిముట్లు పట్టుకుని సముద్రం ఈదుకుంటూ వస్తున్నారు. "ఆడవాళ్ళకు పొడవండి, మగవాళ్ళకు వద్దు" అని మరిచిపోకుండా పాడుకుంటున్నారు. సవాయీ తీరం దగ్గర నీటి అడుగున పెద్ద ఆల్చిప్ప కనిపిస్తే మునిగారు. పైకి వచ్చి ఊపిరి పీల్చుకునేసరికి పాట తలకిందులైంది: "మగవాళ్ళకు పొడవండి, ఆడవాళ్ళకు వద్దు." అలా నడుము నుంచి మోకాళ్ళ దాకా నల్లగా కమ్మేసే పెఅ మగవాళ్ళదైంది. ఆడవాళ్ళకు తొడల మీద పలచటి మాలు మిగిలింది. మగతనానికి గీటురాయి అనుకునే గుర్తు ఒక మతిమరుపు వల్ల వచ్చిందని చెప్పుకుని హాయిగా నవ్వే జాతి మీద నాకు అసూయ. మన పురాణాల్లో తప్పు జరిగితే శాపం ఉంటుంది, లేదా పూర్వజన్మ ఉంటుంది. ఇలా ఆల్చిప్ప ఉండదు.

ఇప్పుడు ఫఅఫఫీనె మాటకు వస్తాను. ఫఅ అంటే తీరు. ఫఅసమోవా అంటే సమోవా తీరు, వాళ్ళ మొత్తం జీవనవిధానానికి అదే పేరు. ఫఫీనె అంటే ఆడమనిషి. మగబిడ్డగా పుట్టి ఆడతీరున మసలేవారు ఫఅఫఫీనె. ఆడబిడ్డగా పుట్టి మగతీరున మసలేవారు ఫఅతమ. మొదటివారి గురించి ప్రపంచమంతా రాస్తుంది. రెండోవారి గురించి దాదాపు ఎవరూ రాయరు. కనబడటంలోనూ వాటాలున్నాయి.

గమనించవలసింది ఆ "తీరు" అన్న ముక్క. నువ్వు లోపల ఎవరు అని ఆ మాట అడగదు. నువ్వు ఎలా మసలుతావు, ఏ పని భుజాన వేసుకుంటావు, ఎవరితో కూర్చుంటావు అని అడుగుతుంది. ఫఅఫఫీనెల్లో కొందరు తాము స్త్రీలమే అంటారు, కొందరు కాదంటారు. పెళ్ళాడి పిల్లల్ని కన్నవారూ ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ అన్న పేరు తమకు సరిపోదనేవాళ్ళు తక్కువేమీ కాదు. పక్కింటివారిని నేను తెలివితక్కువగా అడిగాను, మీరు ఏ కోవకు వస్తారని. "ఈ ఇంటి కోవకు" అన్నారు.

ఆ జవాబులో వాళ్ళ లోకమంతా ఉంది. తౌతువా అంటే సేవ. అధికారానికి దారి సేవే అని సామెత. ఈ పక్కింటివారు పగలు వృద్ధాశ్రమంలో పనిచేస్తారు, సాయంత్రం అక్కగారికి మందులు ఇస్తారు, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతారు, పూలు అలంకరిస్తారు. ఊళ్ళో పెద్దల మందులకూ బిల్లులకూ నెలనెలా డబ్బు పంపేదీ ఆయింగా, అంటే ఆ పెద్ద కుటుంబం మొత్తంలో, అందరికంటే వీరే. అందుకే ఆ పెరట్లో కుర్రవాళ్ళ నెత్తిన మొట్టే హక్కు వీరికి దక్కింది. సంపాదించుకున్నారు. నా మేనకోడలు చూడనిది ఇదే. ఆ చోటు ఉచితంగా రాదు. దానికి అద్దె ఉంది, జీవితాంతం కట్టాలి. చేవ లేనివారు, పాడలేనివారు, డబ్బు పంపలేనివారు, ఇంటికి కోపం వచ్చినవారు ఏమవుతారు? మొదటిసారి అడిగినప్పుడు ఆయన... ఆమె... (నా నోరూ తడబడుతుంది) వారు మాట మార్చారు.

దేశం కూడా ఇలాగే అద్దె వసూలు చేస్తుంది. స్వతంత్ర సమోవాలో రెండు లక్షల పైచిలుకు జనం. ఫఅఫఫీనెల సంఘం 2006లో ఏర్పడింది. అప్పటి ప్రధాని తుయిలాయెపా స్వయంగా దానికి పోషకుడిగా ఉన్నారు. అదే ప్రధాని స్వలింగ వివాహాలను ఒప్పుకునేది లేదని పదేపదే చెప్పారు. 2017లో రాజ్యాంగాన్ని సవరించి దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించారు. ఇందులో వైరుధ్యం ఉందని బయటివాళ్ళు అంటారు. సమోవా లెక్కలో లేదు. ఫఅఫఫీనె అంటే కుటుంబంలో ఒక చోటు, దానికి ఊరు ఒప్పుకుంటుంది. ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తారు, ఎవరితో కాపురం పెడతారు అన్నది వేరే ప్రశ్న. అది అడగనంతవరకే మర్యాద. మగవాళ్ళ మధ్య లైంగిక సంబంధం అక్కడ చట్టప్రకారం ఇప్పటికీ నేరమే.

చట్టం అన్నాను కాబట్టి హైదరాబాద్‌ను తప్పించుకోలేను. సమోవాలో 1961 నాటి నేరాల చట్టంలో ఒక నిబంధన ఉండేది: మగవాడు బహిరంగ స్థలంలో ఆడవేషం వేసుకుంటే నేరం. న్యూజీలాండ్ పాలన చివరి ఏడాదిలో రాసినది. వేల ఏళ్ళ ఆచారం అంటున్న దానిమీద తెల్లవాళ్ళు గీసిన గీత. దాన్ని 2013లో తీసేశారు. ఇక నిజాం రాజ్యంలో 1329 ఫసలీ, అంటే 1919 నాటి చట్టం హిజ్రాల పేర్లు పట్టికలో రాసుకోమంది. ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. సమోవా కంటే పదేళ్ళు ఆలస్యం. మేనకోడలు "మనమే వెనకబడి ఉన్నాం" అన్నది ఈ ఒక్క లెక్కలో నిజం. చెప్పాను ఆమెకు. సంబరపడింది.

వెలుగు లేదని కాదు. 2001లో ఆస్ట్రేలియా చేతిలో 31-0తో చిత్తయిన అమెరికన్ సమోవా (అమెరికా పాలనలోని పొరుగు దీవులు) ఫుట్‌బాల్ జట్టు 2011 నవంబరులో సమోవా రాజధాని అపియాలో టోంగాను 2-1తో ఓడించింది. ప్రపంచకప్ అర్హత పోటీల్లో వాళ్ళ తొలి గెలుపు. రక్షణ పంక్తి మధ్యలో నిలబడినది జయ్యా సయెలువా, ఫఅఫఫీనె. ప్రపంచం ఇది చరిత్ర అంది. జట్టులో దాని గురించి చర్చే లేదట. తోటి ఆటగాళ్ళకు తెలిసిన మనిషి, తెలిసిన తీరు. 2022 వెనిస్ కళా ప్రదర్శనలో న్యూజీలాండ్ తరపున నిలిచిన యూకీ కిహారా కూడా ఫఅఫఫీనెయే. పసిఫిక్ మూలాలున్న కళాకారులకు ఆ అవకాశం అదే మొదటిసారి. ఫ్రెంచి చిత్రకారుడు గోగాఁ పసిఫిక్ దీవుల్లో గీసిన బొమ్మల్లోని "స్వర్గాన్ని" ఫఅఫఫీనెలతో మళ్ళీ ఫోటోలుగా తీసి ఎదురుగా పెట్టారు. స్వర్గం అన్న మాటకు అంతకంటే మంచి జవాబు నేను చూడలేదు.

చీకటికి ఒకటే ఉదాహరణ చాలు. 2016లో అక్కడి ఒక దినపత్రిక చనిపోయిన ఒక ఫఅఫఫీనె దేహం ఫోటోను ఆదివారం మొదటి పేజీలో వేసింది. వార్త రాసినది ఇంగ్లీషులో. ఆ భాషలో "అతడు" అని రాశారు. జనం మండిపడ్డారు, పత్రిక క్షమాపణ చెప్పింది. సమోవా భాషలో అయితే ఆ తప్పు చేయడానికి వీలే లేదు. అందులో అతడూ ఆమే లేరు. ఎవరికైనా ఇయా అన్నది ఒకటే సర్వనామం.

ఆడవాళ్ళ రాజకీయం గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను, వేరే వ్యాసమంత సరుకు అది. పార్లమెంటుకు నిలబడాలంటే మతాయి పట్టం ఉండాలి. పట్టం ఆడవాళ్ళకూ ఇవ్వవచ్చు, కానీ దొరికేది మగవాళ్ళకే ఎక్కువ. కొన్ని ఊళ్ళు ఆడ మతాయిలను ఊరి సభలో కూర్చోనివ్వవు. పార్లమెంటులో పదోవంతు స్త్రీలు ఉండాలని 2013లో రాజ్యాంగం సవరించారు. 2021 ఎన్నికల్లో ఫియామె నయోమి మతాఫా తొలి మహిళా ప్రధాని కాబోతుంటే, సరిగ్గా ఆ స్త్రీల వాటానే అడ్డం పెట్టి, అవతలి పార్టీకి అదనంగా ఒక మహిళా సభ్యురాలిని చేర్చారు! కోర్టు కొట్టేసింది. మే 24న ప్రమాణానికి వెళితే పార్లమెంటు తలుపులకు తాళం. బయట డేరా వేసుకుని ప్రమాణం చేశారు. మగవాళ్ళకంటే ముందు ఆడవాళ్ళు ఇంటి కప్పు నేయడం పూర్తి చేశారన్న పాత కథ వాళ్ళకు ఉంది. డేరా సంగతి కథలో లేదు, చేర్చుకోవాలి.

నా వాదనకు ఎదురుగా ఒక మంచి ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయను. అద్దె కట్టాలి సరే, కానీ మన దగ్గర అద్దెకైనా ఇల్లు ఇస్తున్నామా? పక్కింటివారు ఆదివారం తమ అక్క పక్కన కూర్చుని తింటారు. మా ఊళ్ళో అలాంటి బిడ్డ ఇల్లు వదిలి రైలెక్కితే తల్లి ఆ పేరు పలకడం మానేసింది. ఆ ఇల్లు మా వీధిలోనే. నా చిన్నప్పుడు ఆ బిడ్డ నాతో తొక్కుడుబిళ్ళ ఆడేది. ఆడేవాడు. ఎవరో చెప్పారు, గోదావరి వంతెన దాటే రైళ్ళలో చప్పట్లు కొడుతూ కనిపించిందని. మా వీధి అంతా ఒకే మాట వాడింది, ఇక్కడ రాయను. అది తిట్టు. ఫఅఫఫీనె అన్నది తిట్టు కాదు. ఇంతవరకు మేనకోడలితో ఏకీభవిస్తాను. ఇంత దూరం వచ్చాక "అక్కడ స్వర్గం" అనడం దగ్గరే మా దారులు వేరు. స్వర్గం అంటే అక్కడ సింకు దగ్గర నిలబడ్డ మనిషి కనబడదు. ఇంటికి పనికిరాకుండా పోయిన ఫఅఫఫీనె కనబడరు. ఫఅతమ అసలే కనబడరు. మన ఇంట్లో వాదన గెలవడానికి వాళ్ళ ఇంటి ఫోటో వాడుకోవడం అవుతుంది. ఆ పని ఆదివారం పొద్దున నేనూ చేశాను, గుంపులో పెట్టినది నేనే కదా.

ఇక తెలుగు క్రియాపదం గొడవ. మన వ్యాకరణం మనుషుల్ని ఎలా విడదీసిందో బడిలో చదివాం: మహత్తు, అమహత్తు. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. కుక్క వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషిని కుక్కతో, కుర్చీతో ఒకే వరసలో నిలబెట్టి, బహువచనంలో మాత్రం "వచ్చారు" అని దయచూపింది. ఈ వ్యాసంలో పక్కింటివారి గురించి రాసిన ప్రతిచోటా ఆ బహువచనం వెనక నేను దాక్కున్నాను. తెలుగు మర్యాదకు నా కృతజ్ఞతలు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని, నాతో పరాచికాలాడే మనిషిని, నేను "వారు" అంటుంటే మామగారి గురించి చెప్పినట్టుంది.

అమ్మ నాకంటే తెలివిగా తేల్చింది. మూడో ఆదివారానికి ఆ పెరట్లో ఒక కుర్చీ ఆమెకూ పడింది, అక్కగారి పక్కన. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. చేమాకుల పొట్లం విప్పి తిని, "మనం పప్పులో వేస్తాం, వీళ్ళు పాలలో వేశారు, దురద లేదు" అంది. మరుసటి వారం నాచేత గిన్నెడు పులిహోర పంపింది. గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదన్న నియమం రెండు ఇళ్ళలోనూ ఒకటే కాబట్టి, ఆ గిన్నె ఇప్పటికి పదిసార్లు కంచె దాటింది.

"ఆ బిడ్డ కబుర్లేమిటి?" అని ఇప్పుడు ఫోనులో అడుగుతుంది. బిడ్డ. అబ్బాయీ కాదు, అమ్మాయీ కాదు. మా ఆఫీసులో కరీంనగర్ అతను ఇది విని, "మా దిక్కు బిడ్డంటే ఆడపిల్లేనండీ" అన్నాడు. మా గోదావరి వైపు ఎవరైనా బిడ్డే. సమోవా భాషలో తండ్రికి కొడుకు వేరే మాట, కూతురు వేరే మాట. తల్లికి మాత్రం ఇద్దరూ తమ. ఇది పక్కింటివారికి చెప్పాను, మా అమ్మ మిమ్మల్ని ఇలా పిలుస్తోందని, దాని అర్థం ఇదని. రెండుసార్లు పలికి చూసుకున్నారు. డ్డ నోరు తిరగలేదు.

"బిద" అన్నారు. "మీ అమ్మకు చెప్పు, బిద అడిగానందని. గిన్నె నా దగ్గరే ఉంది."